జాతీయ రహదారులపై త్వరిత ఛార్జింగ్ కేంద్రాలు: దూరం లెక్క, రద్దీ లెక్క

2003 విద్యుత్ చట్టం ప్రకారం విద్యుత్తు విక్రయానికి లైసెన్సు ఉండాలి. వాహనపు బ్యాటరీని నింపడం విక్రయం కాదనీ, అది సేవ అనీ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేయడంతో ఛార్జింగ్ రంగం ప్రైవేటు పెట్టుబడికి తెరుచుకొంది. ఒక పదానికి చెప్పిన అర్థం ఇంత పని చేయడం భాషాధ్యేతలు గమనించదగిన విషయం. అనంతరం వెలువడిన మార్గదర్శకాలు రహదారికి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు కనీసం ఒక కేంద్రం, దూరప్రయాణ, భారీ వాహనాలకు ప్రతి 100 కిలోమీటర్లకు ఒక త్వరిత ఛార్జింగ్ కేంద్రం ఉండాలని సూచించాయి.

ఇది దూరాన్ని బట్టి వేసిన లెక్క. రహదారిపై అసలు చిక్కు రద్దీతో వస్తుంది. హైదరాబాదు–విజయవాడ మార్గం దాదాపు 270 కిలోమీటర్లు. పై నియమం ప్రకారం ఒక్కో వైపు పదకొండు కేంద్రాలు సరిపోతాయి. ఒక కేంద్రంలో 60 కిలోవాట్ల గన్‌లు నాలుగున్నాయనీ, కారు అరగంట ఆగుతుందనీ అనుకొంటే, గంటకు ఎనిమిది కార్లకే అవకాశం. పైగా బ్యాటరీ 80 శాతం నిండిన తరువాత శక్తిని స్వీకరించే వేగం బాగా తగ్గుతుంది. చివరి 20 శాతం కోసం ఆగినవారు వెనుకనున్నవారి సమయాన్ని వాడుకొంటున్నట్లే. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌ప్లాజా వద్ద బారులుతీరే వాహనాలలో స్వల్పభాగమే విద్యుత్ కార్లైనా ఈ ఏర్పాటు చాలదు.

గన్‌లు పెంచవచ్చు. అయితే నాలుగూ ఒకేసారి పనిచేయడానికే 240 కిలోవాట్లు కావాలి. అందుకు 11 కిలోవోల్టుల లైను, ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మర్ అవసరమవుతాయి. పండుగ రద్దీకి తగినట్లు వాటిని రెట్టింపు చేస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ సామర్థ్యం వృథాగా పడి ఉంటుంది. సాధారణ వాణిజ్య కనెక్షన్‌కైతే వాడినా వాడకపోయినా ఒప్పుకొన్న సామర్థ్యానికి స్థిర ఛార్జీ చెల్లించాలి. 2022 జనవరి మార్గదర్శకాలు ఈ భారం లేని ఏకభాగ టారిఫ్‌ను సూచించి, అది 2025 మార్చి వరకు సగటు సరఫరా వ్యయాన్ని మించరాదన్నాయి. నిర్వాహకులకు ఇది ఊరటే. కానీ ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఎక్కడికీ పోదు. పంపిణీ సంస్థ పద్దులోకి చేరి, అక్కడినుంచి ఇతర వినియోగదారుల బిల్లులలోకి ప్రవేశించగలదు. సూర్యాపేటలో కారే లేని గృహస్థుకు ఆ భారంలో వాటా పడవచ్చు.

కేంద్రంలోనే పెద్ద బ్యాటరీని అమర్చి, రద్దీ లేని వేళ నింపి, రద్దీలో వాడుకొంటే లైనుపై ఒత్తిడి తగ్గుతుంది. ఆ బ్యాటరీ ఖరీదు ఎవరు భరించాలన్నది మాత్రం కిలోమీటర్ల లెక్కతో తేలదు. ఏ కేంద్రానికి ఏ గంటలో ఎన్ని కార్లు వస్తాయో ముందు లెక్కించాలి.