సముద్రపు గాలికి లెక్కగట్టే కొలువు

ఇంటర్వ్యూలో ఇలా అడిగారనుకోండి: ‘బంగాళాఖాతంలో ఒక చోట గాలి వేగం సెకనుకు 8 మీటర్లని కంప్యూటర్ మోడల్ చెబుతోంది. ఉపగ్రహమేమో 12 అంటోంది. మీరు దేన్ని నమ్ముతారు?’ సగటు తీసి పది అనేయకండి.

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. గాలి చాలాసేపు ఒకే తీరున వీస్తే అల ఎత్తు దాదాపు గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 8కి బదులు 12 అయితే అల రెట్టింపు దాటిపోతుంది. మత్స్యకారులను వేటకు వెళ్లొద్దని హెచ్చరించేది ఇలాంటి అంచనాలు చూసే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేసే పనుల్లో ఇదొకటి.

ఉపగ్రహం గాలిని నేరుగా చూడలేదు. అందులోని స్కాటరోమీటర్ అనే రాడార్ మైక్రోవేవ్‌లను కిందికి పంపుతుంది. గాలికి నీటిపై లేచే సెంటీమీటర్ల పాటి చిరు అలలు వాటిని వెనక్కి చిమ్ముతాయి. దాన్నిబట్టి గాలి వేగం, దిశ లెక్కగడతారు. ఇస్రో ఓషన్‌శాట్-2 (2009), స్కాట్‌శాట్-1 (2016), ఈఓఎస్-06 (2022) ఈ పరికరాన్ని మోసుకెళ్లినవే. చిక్కేంటంటే, ఉపగ్రహం ఒక చోటికి రోజుకు ఒకటి రెండుసార్లే వస్తుంది. పైగా వీటి కేయూ బ్యాండ్‌కు వాన అడ్డు. అంటే తుపాను నడిమధ్య, గాలి తెలియాల్సిన చోటే తడబాటన్నమాట!

మోడల్‌కు ఖాళీలుండవు. యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే ఈఆర్ఏ5లో గంటగంటకూ, సుమారు 31 కిలోమీటర్లకో గడి చొప్పున గాలి లెక్క దొరుకుతుంది. కానీ తుపాను తీవ్రతను తగ్గించి చూపిస్తుంది.

మరి జవాబు? ఎవరు ఎంత తప్పుతారో ముందు అడగండి. బోయల కొలతలతో పోలిస్తే మోడల్ 2 మీటర్లు, ఉపగ్రహం 1 మీటరు అటూఇటూ తప్పుతాయని తేలిందనుకుందాం. వర్గాలు 4, 1. వాటిని తిరగేసి భారం పంచితే ఉపగ్రహానికి అయిదింట నాలుగు వంతులు, మోడల్‌కు ఒక వంతు. వచ్చేది 11.2. పరీక్ష రాసి మరిచిపోయిన వేరియన్స్ ఇదే! డేటా అసిమిలేషన్‌కు పునాదీ ఇదే. ఒక షరతు: రెండింటి తప్పులకూ సంబంధం ఉండకూడదు. ఈఆర్ఏ5లో ఉపగ్రహ గాలులు ముందే కలిసి ఉంటాయి. అదే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టు కాకుండా చూసుకోవాలి.

ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాళ్లూ ఇటు రావచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు ప్రత్యేక విభాగమే ఉంది. ప్రాజెక్టు పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే, తెలిసే దరఖాస్తు చేయండి.

ఈలోగా ఒక ప్రాజెక్టు చేసి చూడండి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను తీసుకోండి. ఈఆర్ఏ5, యూరప్ వారి అస్కాట్ గాలులు రెండూ ఉచితమే. నెట్‌సీడీఎఫ్ ఫైళ్లను పైథాన్‌లో ఎక్స్‌అరేతో తెరిచి తేడా మ్యాపు గీయండి. సమయం యూటీసీలో ఉంటుంది. దిశ విషయంలో జాగ్రత్త: వాతావరణ శాస్త్రంలో దిశంటే గాలి వచ్చే వైపు, కొన్ని ఉపగ్రహ ఫైళ్లలో వెళ్లే వైపు. చూసుకోకపోతే మీ మ్యాపులో హుద్‌హుద్ ఎదురు తిరుగుతుంది.