చందాలతో సముద్రం దాటిన అభిమాని

ముఖమైనా ఎరుగని మనిషికి ప్రయాణపు ఖర్చులు పంపేవారుంటారా? వాల్ట్ విల్లిస్ (1919–1999) విషయంలో అదే జరిగింది.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన ప్రభుత్వోద్యోగి. వైజ్ఞానిక కల్పనా సాహిత్యమంటే ఆయనకు ప్రాణం. 1948లో తోటి అభిమానులకోసం ‘స్లాంట్’ అనే చిన్న పత్రికను ప్రారంభించారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేతితో కూర్చి, ఇంటిలోనే అచ్చువేసేవారు. తరువాతి కాలంలో రచయితగా పేరుపొందిన జేమ్స్ వైట్ ఆ పనిలో ఆయనకు కుడిభుజం. లాభాపేక్ష ఎవరికీ లేదు.

క్రమంగా అమెరికాలోని అభిమాన పత్రికలలోనూ విల్లిస్ రచనలు వెలువడసాగాయి. ఆయన శ్లేషలకూ, చమత్కారానికీ ముగ్ధులైన అక్కడి పాఠకులు ఆయనను ఒక్కసారి కళ్ళారా చూడాలనుకొన్నారు. తలా కొంత చందా వేసుకొన్నారు. ఆ సొమ్ముతోనే 1952లో షికాగోలో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభకు ఆయన వెళ్ళగలిగారు.

ఆ ముచ్చట అంతటితో ముగిసిపోలేదు. మరుసటి సంవత్సరమే ‘ట్రాన్స్‌అట్లాంటిక్ ఫ్యాన్ ఫండ్’ అనే శాశ్వతనిధి వెలసింది. అభిమానులు ఓట్లు వేసి ఎన్నుకొన్నవారిని అది నేటికీ సముద్రపు ఆవలి తీరానికి పంపుతున్నది.

నలభై ఏళ్ళ తరువాత, 1992లో, ఓర్లాండో నగరంలో జరిగిన మహాసభకు విల్లిస్ మరల వెళ్ళారు. ఈసారి ఆయన ఆ సభకు గౌరవ అతిథి.