కంటిలో నిలిచియుండు పట్టీ



కంటికి శస్త్రచికిత్స యనగానే మనకు శుక్లము జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవునది వేరు. కంటి లోపల వెనుకవైపున వెలుగును గ్రహించు సన్నని పొర గలదు. దానిని రెటీనా యందురు. అది చిరిగి, ఆ చిరుగుగుండ నీరు వెనుకకు చేరినచో, తడిగోడనుండి పూత విడినట్లు ఊడివచ్చును. మెరుపులు, నల్లని నలుసులు, ఒక ప్రక్కనుండి తెర దిగినట్టి చీకటి దాని గుర్తులు. నొప్పి యుండదు గనుక పలువురు ఆలస్యము చేయుదురు.

దీనికి గల చికిత్సలలో ఒకటి, తెల్లగ్రుడ్డుపై బయటివైపున చిన్న పట్టీని కుట్టి, గోడను లోనికి నొక్కి చిరుగును మూయుట. 1949లో జర్మనీ వైద్యుడు కస్టోడిస్ ఈ పద్ధతి నారంభించెను. ఆయన వాడిన పదార్థము కొందరి కండ్లలో చీము పుట్టించెను. పిమ్మట సిలికోను రబ్బరు వచ్చెను.

శరీరము పరాయి వస్తువును ఊరక విడువదు. మడమలో ముల్లు విరిగినప్పుడు చీము పట్టుటయో, చుట్టును కండ గట్టిపడుటయో మీరెరుగుదురు. సిలికోను నునుపైనది, కరగనిది. కావున శరీరము దానిచుట్టు పలుచని నారపొరను అల్లి ఊరకుండును. పెక్కుమందికి అది జీవితాంతము అట్లే యుండును. అయితే స్పంజివంటి రకపు రంధ్రములలో సూక్ష్మజీవులు చేరినచో చుక్కలమందు వానిని చంపజాలదు. ఒక్కొక్కప్పుడు పట్టీ పైపొరను ఒరసి బయటపడును. 1980 తరువాత కొన్ని దేశములలో వాడిన హైడ్రోజెల్ అను మెత్తని పదార్థమైతే ఏండ్ల తరబడి నీరు పీల్చి, ఉబ్బి, కనుగ్రుడ్డు కదలికకే అడ్డమయ్యెను. దాని వాడుక మానిరి.

మన నల్లగొండ, పాలమూరు సీమలనుండి పనికై ముంబయి, పుణెలకు పోవువారు పెక్కురు. అచ్చట ఈ చికిత్స జరిగినవాడు ఊరు చేరిన పదేండ్లకు కన్ను ఎఱ్ఱబడి, పుసి కారి, తెల్లనిదేదో పైకి కనబడినచో, ఇంటివారు కండ్లకలక యనుకొని ఆకుపసరు పోయవచ్చును. అట్లు చేయనీయకుడు, ఆ తెల్లనిదానిని లాగనీయకుడు. హైదరాబాదు సరోజినీదేవి నేత్రవైద్యశాల వంటి చోటికి పంపుడు. అవసరమైనచో వైద్యుడు పట్టీని తీసివేయును. అప్పటికే పొర అతికియుండుటచే చాలమందికి చూపు నిలుచును; కొందరికి మరల విడును గనుక తరువాతి పరీక్షలు మానరాదు.

చికిత్స కాగితమును భూమి పట్టాతోపాటు పెట్టెలో భద్రపరచుడు. కంటిలో పట్టీ యున్నదని వైద్యునికి తెలుపునది అదియే.