సెకండ్ షో విడిచాక...

హైదరాబాదులో రాత్రి ఎప్పుడు మొదలవుతుంది? పొద్దు గుంకినప్పుడు మాత్రం కాదు. సెకండ్ షో విడిచినప్పుడు! హాలు గేట్లు తెరుచుకుంటాయి. జనం ఒక్కసారిగా రోడ్డున పడతారు. హీరో ఇంట్రడక్షన్ గురించీ, ఇంటర్వెల్ ట్విస్టు గురించీ రెండు నిమిషాలు వాదులాడుకుంటారు. మూడో నిమిషంలో అందరి నోటా ఒకటే మాట - "ఆకలేస్తోంది గురూ, ఇప్పుడేం దొరుకుద్ది?"

ఆ మాటకు జవాబు వెతుకుతూ జంట నగరాల్లో పది పన్నెండు రాత్రులు తిరిగాను. ఇంట్లో తిట్లు తిన్నాను. బయట బిర్యానీలు తిన్నాను. మొత్తానికి కడుపు నిండింది!

ఏ హోటల్లో ఏది రుచో చెప్పే చిట్టాలు మీ సెల్‌ఫోన్‌లోనే బోలెడు. నేను చూడాలనుకున్నది వేరు. 1591లో చార్మినార్‌తో పాటు పుట్టిన ఈ ఊళ్లో, జేబులో వంద రూపాయలున్న మనిషిని రాత్రిపూట ఎక్కడ కూర్చోనిస్తారు? ఎంతసేపు కూర్చోనిస్తారు? తిండి సంగతి దాని వెనకాలే వస్తుంది.

సినిమాకీ బిర్యానీకీ చుట్టరికం

సికిందరాబాదు ప్యారడైజ్ పేరు వినని తెలుగువాడు ఉండడు. అయితే ఆ పేరు మొదట హోటలుది కాదు, సినిమా హాలుది! 1953లో ప్యారడైజ్ టాకీసును ఆనుకుని చిన్న క్యాంటీను వెలిసింది. అప్పట్లో అక్కడ చాయ్, సమోసా, బిస్కట్లే. తర్వాత్తర్వాత టాకీసు పోయింది. క్యాంటీను బిర్యానీ హోటలయి ఊరూరా కొమ్మలు వేసింది. ఆ చౌరస్తా పేరు మాత్రం నేటికీ ప్యారడైజే. హీరో తప్పుకున్నాడు, పక్క వేషగాడు సిల్వర్ జూబ్లీ చేసుకున్నాడన్నమాట!

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంగతి చెప్పనక్కర్లేదు. సంధ్య, దేవి, సుదర్శన్... ఈ పేర్లు వింటేనే ఈల వేయాలనిపించే పాఠకులు మనలో ఎందరో! సుదర్శన్ 70 ఎం.ఎం. ఇప్పుడు లేదు, 35 ఎం.ఎం. నిలిచింది. ఆ చౌరస్తాలోనే బావర్చి. సినిమా ఫ్లాపైనా సరే, బిర్యానీ పొట్లం చేతికొస్తే కుర్రాళ్ల మొహాలు వెలిగిపోతాయి. పెద్ద హీరో సినిమా విడుదల రోజున టిక్కెట్ల కిటికీ దగ్గర ఎంత తోపులాటో, పార్శిల్ కౌంటరు దగ్గరా అంతే.

తోపులాట అంటే ఇప్పుడు నవ్వు రావడం లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ చౌరస్తాలో నిలబడి అర్ధరాత్రి సరదా గురించి రాసేవాడెవడూ ఆ సంగతి దాటేసి పోకూడదు.

ఇక టైము సంగతి. హోటళ్లు రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంచుకోవచ్చని 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే చెప్పారు. మూడు గంటల సినిమా చూసి బయటపడేసరికి ఒంటిగంటకు ఎంతో సేపుండదు. అందుకే సెకండ్ షో ప్రేక్షకుడికి నాదొక సలహా - చివర్లో రోలింగ్ టైటిల్స్ చూస్తూ కూర్చోకండి. టెక్నీషియన్ మిత్రులు క్షమింతురు గాక!

ఒక్క చాయ్, గంట కుర్చీ

అబిడ్స్ చుట్టుపక్కల ఒకప్పుడు హాళ్లకి కొదవే లేదు. జమ్రూద్ మహల్, ప్యాలెస్, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ... ఒక్కొక్కటే తెర దించేశాయి. హాళ్లు పోయినా, వాటి జనాన్ని పోషించిన ఇరానీ హోటళ్లు కొన్ని మిగిలాయి. 1935 నాటి గ్రాండ్ హోటల్ అక్కడిదే. సికిందరాబాదు స్టేషను ఎదుట ఆల్ఫా సరేసరి. రైలు దిగినవాడూ, రైలు తప్పినవాడూ ఒకే బల్ల మీద బన్-మస్కా తింటుంటారు.

ఇరానీ చాయ్‌లో కిటుకేమిటని అడిగాను. డికాక్షన్ ఒక గిన్నెలో, పాలు ఇంకో గిన్నెలో. డికాక్షన్ గిన్నె ఆవిరి బయటికి పోకుండా మూతేసి సన్న సెగమీద ఉంచుతారు. పాలు మీగడ కట్టేదాకా మరిగిస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. పక్కన ఉస్మానియా బిస్కట్టు - కాస్త తీపి, కాస్త ఉప్పు. కప్పులో ముంచేటప్పుడు జాగ్రత్త! ఒక్క క్షణం ఆలస్యమైతే సగం బిస్కట్టు అడుగుకి చేరుతుంది. చెంచా అడిగితే పక్కవాళ్లు నవ్వుతారు.

ఈ హోటళ్లు పెట్టినవాళ్లు ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవాళ్లు. మూలమలుపు స్థలాలు అచ్చిరావని మనవాళ్లు వదిలేస్తే వాళ్లు తీసుకున్నారని చెబుతారు. ఎండా గాలీ రెండు వైపులనుంచీ వచ్చే ఆ మూల హోటళ్లలోనే పాలరాతి బల్లలు, నిలువుటద్దాలు, వంపు చెక్క కుర్చీలు. ఇంకో విశేషం, ఎవరూ లెమ్మనరు! వన్ బై టూ చాయ్ చెప్పి ఇద్దరు గంటసేపు దేశరాజకీయాలు తేల్చుకోవచ్చు. కథలు రాసుకునేవాళ్లు, వేషాల కోసం తిరిగేవాళ్లు, ఇంటికి పోవడానికి మొహం చెల్లనివాళ్లు - అందరికీ అదే డ్రాయింగ్ రూము. 'ది అంగ్రేజ్' సినిమా గుర్తుందా? చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ గొప్పలు చెప్పుకునే కుర్రాళ్లు. సెట్టింగులూ పెద్ద స్టార్లూ లేకుండానే ఊరంతా ఆ డైలాగులు వల్లించిందంటే, ఆ బల్లల దగ్గరి మాటలు అంత సహజం కనుక.

లెక్క వేసి చూడండి. చాయ్ ఇరవై, పాతిక రూపాయలు. నాలుగు కుర్చీలు గంటసేపు నిండితే వంద రూపాయలు. అదే బల్ల మీద బిర్యానీ పెడితే అరగంటలో వెయ్యి. పైగా ఆ మూల స్థలానికి ఇవాళ పలికే ధర! మనవళ్లకేమో గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఓపిక లేదు. అందుకే ఒక్కో ఇరానీ హోటలూ బట్టల షాపో, సెల్‌ఫోన్ల దుకాణమో అవుతోంది.

నాంపల్లి వైపు ఒక ముసలి యజమానిని అడిగాను (పేరు రాయొద్దన్నాడు): "సాబ్, ఇంతసేపు కూర్చోనిస్తే గిట్టుతుందా?"

"లేపేస్తే కుర్చీ ఖాళీ అవుతది. ఖాళీ కుర్చీ చూసి ఎవడు లోపలికొస్తడు?" అన్నాడాయన, చిల్లర లెక్కపెడుతూనే.

"ఎవరి లైఫ్ అది తమ్ముడూ?"

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. రాత్రి పదకొండు తర్వాత ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లంతా మగవాళ్లే! నాకు తెలిసిన డబ్బింగ్ ఆర్టిస్టు ఒకావిడ ఉన్నారు. ఎన్నో సినిమాల్లో హీరోయిన్లకి గొంతిచ్చారు. పని అయ్యేసరికి చాలాసార్లు అర్ధరాత్రి. "అక్కా, రాత్రి హోటళ్ల మీద రాస్తున్నాను" అన్నాను గొప్పగా.

"నైట్ లైఫ్ అని రాస్తావా? ఎవరి లైఫ్ అది తమ్ముడూ?" అన్నారు. "ఇరవై ఏళ్లుగా మైకు ముందు గొంతు చించుకున్నాక వేడి చాయ్ తాగాలనిపిస్తుంది. ఒక్క రాత్రి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ఫ్యామిలీ రూమంటారు. వెళ్తే దీపం ఆర్పేసి ఉంటుంది."

మరి ఆవిడకి ఈ ఊళ్లో రాత్రే లేదా? ఉంది... ఏడాదికొక నెల.

రంజాన్ నెలలో పాతబస్తీకి వెళ్లండి. నయాపూల్ దాటి మదీనా చౌరస్తా, షాదాబ్ హోటలు, గుల్జార్ హౌజ్, చార్మినార్, దాని నీడలో నిమ్రా కేఫ్... దారంతా పట్టపగలే! లాడ్ బజార్ గాజుల కొట్ల ముందు రాత్రి రెండింటికి బేరాలాడుతున్నది ఎవరనుకున్నారు? ఆడవాళ్లే. అమ్మమ్మలు, కోడళ్లు, కాలేజీ పిల్లలు. బురఖాలవాళ్లూ బొట్లవాళ్లూ భుజం భుజం రాసుకుంటూ. మా అక్కగారు కూడా ఆ నెలలోనే డబ్బింగ్ అయ్యాక తోటివాళ్లతో వెళ్లి, నడిరోడ్డు మీద నిలబడి హలీం తింటారట.

హలీం సంగతంటారా, దంచినకొద్దీ రుచి! గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి, మసాలా. మట్టి భట్టీలో దిగిన పెద్ద దేగిశాలో, పొడుగాటి కర్రలతో ఇద్దరు మనుషులు నిలబడి సగం రోజు దంచుతారు. మాంసమేదో గోధుమేదో నాలుకకి తెలియకూడదు. దీని పూర్వీకుడు అరబ్బుల హరీస్. నిజాం ఫౌజులో పనిచేసిన అరబ్బులు కాపురమున్న బార్కస్‌లో (బ్యారక్స్ అన్న మాటే అలా మారింది) ఆ పాత రకం నేటికీ దొరుకుతుంది. హైదరాబాదీ హలీంకి 2010లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గౌరవం అదే మొదలు.

మందు మాట ఎత్తలేదేమని కొందరు గుర్రుగా ఉన్నారని తెలుసు. పాతబస్తీలో ఆ ముచ్చట దాదాపు లేదు. ఇక జూబిలీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల్లో పాట మోతకి పక్కవాడి మాట వినపడదు, బిల్లు చూశాక మనకే మాట రాదు. 1995 జనవరిలో ముఖ్యమంత్రిగా ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది సడలింది. ఆ రెండేళ్లూ ఇరానీ హోటళ్లలో చాయ్ మామూలుగానే పారింది!

తెల్లారేలోపు

తీపి కావాలంటే మొజంజాహీ మార్కెట్. 1935 నాటి ఆ రాతి కట్టడం ముందు ఆరుబయట కుర్చీలేసి ఫేమస్ ఐస్‌క్రీమ్ వాళ్లు పండ్ల ఐస్‌క్రీమ్ పెడతారు. సీతాఫలాల రోజుల్లో వెళితే మరో రకం అడగొద్దు. ఆ చుట్టుపక్కలే తెల్లవారుజామున మూడింటికి రామ్ కీ బండి మీద వెన్న దోసెలు. అంతకన్నా బరువైనది కావాలంటే పాతబస్తీలో నహారీ, కుల్చా. అది తిన్నాక మధ్యాహ్నం దాకా పనేమీ పెట్టుకోకండి.

నా ఓటు మాత్రం కృష్ణానగర్‌కి. తెల్లవారుజామున నాలుగున్నర. సందు చివర ట్యూబ్‌లైటు కింద ఇడ్లీ బండి. సినిమా కంపెనీ బస్సుల కోసం జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, హెయిర్ డ్రెస్సర్లు గుంపుగా నిలబడి ఉంటారు. ఆ గుంపులో సగం ఆడవాళ్లే. మేకప్ పెట్టె పక్కన పెట్టుకుని, చీర కొంగు తలమీదికి లాక్కుని, ప్లేటులో ఇడ్లీ చల్లారుతుంటే రోడ్డు వైపే చూస్తున్న ఒకామెకి బండి ముసలమ్మ ప్లాస్టిక్ స్టూలు జరిపింది.

"కూసో బిడ్డా, బస్సు ఇంక రాలే. నిమ్మళంగ తిను."