నర్సు చేతులు అన్నిసార్లు ఎందుకు శుభ్రం చేసుకుంటారు?

ఆసుపత్రిలో నర్సు ఒక రోగి దగ్గర నుంచి ఇంకో రోగి దగ్గరికి వెళ్లే ముందు చేతులకు శానిటైజర్ రాసుకుంటారు. గ్లౌజులు వేసుకున్నా సరే, తీసేశాక మళ్లీ రుద్దుకుంటారు. ఎందుకు?

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మంత్రసానులు చూసే విభాగంలో కన్నా డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే విభాగంలోనే బాలింతలు జ్వరమొచ్చి ఎక్కువగా చనిపోయేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కారణం వెతికాడు. డాక్టర్లు, విద్యార్థులు శవపరీక్షలు చేసిన చేతులతోనే కాన్పులు చేయడానికి వస్తున్నారు! క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కుని రమ్మన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతే, జూన్‌లో ఇద్దరే. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఆయన మాట వినలేదు. విని ఉంటే ఎంతమంది తల్లులు బతికేవారో కదా!

మరి గ్లౌజులు చాలవా? చాలవు. వాటికి కంటికి కనబడని చిల్లులు ఉండొచ్చు. తీసేటప్పుడు బయటి మురికి చేతికి అంటుకోవచ్చు కూడా.

ఇంతకీ చేతులు ఎలా శుభ్రమవుతాయి? సబ్బు అణువు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, మరో కొస నీటిని. అందుకే జిడ్డుతో పాటు క్రిములూ నీళ్లలో కొట్టుకుపోతాయి. కొన్ని వైరస్‌ల చుట్టూ ఉండే కొవ్వు పొర చిరిగిపోతుంది. శానిటైజర్‌లోని ఆల్కహాల్ క్రిముల ప్రోటీన్లను పాడుచేస్తుంది. చేతులంతా అంటేలా 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. అయితే చేతులకు మురికి కనబడుతుంటే సబ్బు, నీళ్లే వాడాలి. విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గట్టి పెంకులాంటి పొరలో దాక్కుంటుంది. దాన్ని ఆల్కహాల్ చంపలేదు, కడిగి వదిలించాల్సిందే.