బల్లమీది యుద్ధము



నేటి ప్రసంగవిషయము బొమ్మలతో యుద్ధమును నడపు ఆట. ఇది పిల్లలాట యని త్రోసిపుచ్చకుడు. దీనిని రాజులు చూచిరి, సేనాధిపతులు అభ్యసించిరి. గత సంవత్సరము మా కామారెడ్డిలో నా పూర్వశిష్యులు కొందరును, ఎల్లారెడ్డినుండి వచ్చిన వారి మిత్రులును ఒక మండలిగా గూడి ఇట్టి ఆటను రెండుదినములు నడపిరి. నన్ను మధ్యస్థునిగా గూర్చుండబెట్టిరి. ఆ యనుభవమును బట్టియే ఈ నాలుగుమాటలు చెప్పుచున్నాను.

మూలభావము మనకు క్రొత్తది కాదు. రథ గజ తురగ పదాతులను బల్లమీదికి దింపిన చతురంగము మన దేశమున బుట్టి పారసీకమునకును, తరువాత ఐరోపాకును బోయినది. మన రచ్చబండలపై గీచిన పులిజూదమున బలములు సమానములు గావు. పులులకు శక్తి హెచ్చు, మేకలకు సంఖ్య హెచ్చు. అయినను చదరంగమునకును నిజయుద్ధమునకును మూడు భేదములు గలవు. చదరంగమున శత్రువు బలమంతయు కంటికి గనబడును, యుద్ధమున గనబడదు. చదరంగమున బంటు పంపినచోటికి దప్పక పోవును. యుద్ధమున ఆజ్ఞ త్రోవలో ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు వక్రించును. చదరంగమున గళ్ళన్నియు నొక్కటే. యుద్ధభూమిలో ఏఱున్నది, గుట్టయున్నది, ఊరున్నది.

ఈ లోపములను దీర్చు ఆట ప్రష్యాదేశమున బుట్టినది. 1806లో నెపోలియను చక్రవర్తి ఆ దేశపు సైన్యమును చిత్తుగా నోడించెను. 1812లో రైస్విట్జ్ అను ప్రభువు, కొండలును నదులును పలకలపై మలచిన యొక బల్లను ప్రష్యారాజునకు సమర్పించెను. 1824లో ఆయన కుమారుడు, తాను సైన్యోద్యోగి, అదే ఆటను దేశపటముమీదికి మార్చి నియమములను ప్రకటించెను. ఇరుపక్షములవారు తమ ఆజ్ఞలను మధ్యస్థునికి దెలుపుదురు. ఒక్కొక్క వంతు రెండు నిమిషముల కాలమునకు గుర్తు. పోరు ఫలమును పాచిక నిర్ణయించును. 1913లో హెచ్. జి. వెల్సు అను ఆంగ్లరచయిత సిపాయి బొమ్మలతో నాడు పద్ధతిని గూర్చి చిన్నపుస్తకము వ్రాసెను. ఈ ఆట నాడినవారికి నిజమైన మహాయుద్ధ మెంత అవివేకమో తెలియగలదని ఆయన తలంపు. మరుసటి యేడే, 1914లో, ప్రపంచయుద్ధము వచ్చిపడినది.

నేడు పలుదేశముల వినోదమండలులు నెపోలియను కాలపు యుద్ధములను మిక్కిలి మక్కువతో బొమ్మలతో నడపుచుండును. ఆ కాలము మనకు దూరమైనది గాదు. నిజాము కొలువున ఫ్రెంచి పద్ధతిని పటాలములను దీర్చిన రేమండు 1798లో మరణించెను. ఆయన సమాధి హైదరాబాదులో మలక్‌పేట దగ్గఱ గుట్టమీద నున్నది. ఆ యేటనే ఆంగ్లేయులు ఆ పటాలములను రద్దుచేయించిరి. అటుపై 1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్రములోని జాల్నా జిల్లాయందు, అసాయి యను ఊరివద్ద ఆర్థరు వెల్లస్లీ, సింధియా భోంస్లేల సేనలతో బోరెను. 1815లో ప్రష్యనులతో గూడి వాటర్లూవద్ద నెపోలియను నోడించిన వెల్లింగ్టను ప్రభు వితడే. నేనీ అసాయి యుద్ధమునే యెన్నుకొని, చరిత్ర చదివినవారు దానినే అప్పగింపకుండునట్లు ఊళ్ళకును నాయకులకును పేళ్ళు మార్చితిని.

ఆట నేర్పాటుచేయు విధము వినుడు. మొదట భూమి. పదియడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుగల బల్లపై తడియిసుక పఱచితిమి. దక్షిణమున కేల్నా, ఉత్తరమున జువా అను ఏఱులకు నీలిగుడ్డపట్టీలు. అవి తూర్పున కలియుచోట నాలుకవంటి సన్నని నేల. ఊళ్ళకు బంకమట్టి యిండ్లు, ఫిరంగులకు వెదురుముక్కలు, సిపాయిలకు మట్టిబొమ్మలు, నాయకులకు నిర్మలునుండి తెచ్చిన పొణికికఱ్ఱ బొమ్మలు.

తరువాత లెక్క. ఒక బొమ్మ యేబదిమందికి గుర్తు. వెల్లస్లీ పోరునకు దింపినవారు సుమారు 7,000, బొమ్మలు 140. సింధియాకు కవాతు నేర్చిన కాల్బలము సుమారు 11,000, బొమ్మలు 220, ఫిరంగులు నూఱువఱకు. మరాఠా అశ్వికులు వేలకొలది యున్నను నాడు పోరున నంతగా గలుగజేసికొనలేదు గావున వారిని తక్కువ బొమ్మలతో సరిపెట్టితిమి. తరువాత కాలము. ఒక వంతు పదినిమిషములు; ఆ లోపల కాల్బలము జానెడు, గుఱ్ఱము రెండుజానలు నడువవచ్చును.

ఆంగ్లపక్షపు నాయకుడు పట్టణమున బెఱిగినవాడు. ఏటి యావల ఫిరంగుల వరుస. దాటుటకు వేఱు రేవు లేదని దారిచూపువారు చెప్పిరని నేను చీటి వ్రాసియిచ్చితిని. అతడు మరలిపోవుటకే నిశ్చయించెను. అంతట అతని ప్రక్కనున్న ఎల్లారెడ్డి యువకుడు, మంజీరతీరపు సేద్యగాని కుమారుడు, ఏటికి ఈయొడ్డున నొకటి, ఆయొడ్డున నొకటి ఎదురెదురుగా నున్న రెండు మట్టియూళ్ళను వ్రేలితో జూపి, “ఈ రెండూళ్ళవారు పిల్లనిచ్చి పుచ్చుకొనరా? సంతకు బోరా? త్రోవ లేకుండునా?” యని యడిగెను. 1803లో వెల్లస్లీ యూహించినదియు నిదియే. పిపల్‌గావ్, వరూర్ అను ఊళ్ళు ఎదురెదురుగా నుండుట జూచి, మార్గదర్శకులు లేదన్నను రేవుండక తప్పదని పరీక్షింపజేసి, అచ్చటనే సేనను దాటించెను.

రెండవ పాఠము ఆజ్ఞను గూర్చినది. నాడు కుడిప్రక్క ముందుదళమును నడపిన ఆరక్ అను అధికారి, చెప్పిన చోటు మీఱి అసాయి ఊరివైపునకు బోయెను. ఆ వెంటబోయిన 74వ పటాలము ఫిరంగులవాత బడి ఛిన్నాభిన్నమయ్యెను. హైదరాబాదు సహాయసేన స్టీవెన్సను క్రింద వేఱుదారిని నడచుచు మరునాటికి గాని చేరలేదు. కావున మా ఆటలో ఆజ్ఞ పంపినప్పుడెల్ల పాచిక వేయవలెను. ఒకటి పడినచో ఆజ్ఞ వక్రించును. చదరంగమున నారితేఱినవారికి ఇది మొదట కోపము దెప్పించినది. నాడు గెలిచినది వెల్లస్లీయే. కాని గెలిచినవారిలోనే సుమారు 1,600 మంది చచ్చియో గాయపడియో కూలిరి. మా లెక్కకు ముప్పదిరెండు బొమ్మలు. మా బల్లమీద మాత్రము మరాఠాపక్షమే నిలిచినది.

ఇక ముఖ్యవిషయము. ఇట్టి ఆటల నియమములలో ఊరనగా సిపాయి దాగుటకు చాటు మాత్రమే. ఆ యిండ్లలోనివా రెచటికి బోయిరో నియమములు చెప్పవు. అందుచేత నేనొక నియమమును జేర్చితిని. వానకారు పైరునకు గుర్తుగా ఒక్కొక్క యూరిచుట్టు నలువది పెసరగింజలు పఱచితిని. దళము చేను దాటినప్పుడెల్ల ఒక గింజ, ఊర దిగినప్పుడు అయిదుగింజలు తీసివేయవలెను. ఆట ముగియునప్పటికి అసాయి చుట్టు మూడుగింజలు మిగిలినవి. సేద్యపుటిండ్ల పిల్లలకు దాని యర్థము వేఱుగ జెప్పవలసిన పనిలేదు. గెలుపు లెక్కలో గింజలనుగూడ చేర్చవలెనని మండలివారే తీర్మానించి, మరుసటి ఆటకు ఊళ్ళను దప్పించి సేనలను నడపు త్రోవలు వెదకిరి.

పెద్దలారా, మీ యూరి యువకులు ఇట్టి ఆట తలపెట్టినచో వారింపకుడు. ఇసుకయు, మట్టియు, రెండు పాచికలును చాలును. మధ్యస్థుని స్థానమున మీరే కూర్చుండుడు. ఏ వాగు ఏ వానకు పొంగునో, ఏ చేలో బండి దిగబడునో, ఏ రేవున మోకాటిలోతు నీరుండునో మీకు దెలిసినట్లు పటములకు దెలియదు. ఊరి గింజలు లెక్కింపని గెలుపును మాత్రము గెలుపని వ్రాయనీయకుడు.