పాత కారు ఫ్యాను: రంగు వేసే ముందు రెక్కను చూడండి

మిల్లుల్లో పనిచేసిన మన కుటుంబాల్లో చాలామంది ఇళ్ళ ముందు ఇప్పటికీ ఒక పాత బండి కనిపిస్తుంది. మిల్లు మూతపడినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో కొందరు ఆటో కొన్నారు, కొందరు అంబాసిడరో పద్మినియో కొని ట్యాక్సీ తోలారు. మాగడి రోడ్డు, బిన్నీపేట, శ్రీరాంపురం వైపు తిరిగితే అలాంటి బళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఇప్పుడు అవి బాడుగకు పోకపోయినా, అమ్మడానికి మనసు రాక పిల్లలు బాగుచేయించుకుంటున్నారు. ఈమధ్య అలా బాగుచేయించేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి, రేడియేటర్ వెనకాల తిరిగే ఫ్యాను గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. నేను మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేసినవాడిని. ఫ్యాను రెక్క ఎక్కడున్నా ఫ్యాను రెక్కే.

ఆ ఫ్యాను చేసే పని ఏమిటి

హైవే మీద బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. అప్పుడు ఫ్యానుకు పెద్ద పని లేదు. కేఆర్ మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఘాట్ రోడ్డులో రెండో గేరులో మెల్లగా ఎక్కుతున్నప్పుడు ఎదురుగాలి ఉండదు, ఇంజన్ మాత్రం కష్టపడుతుంటుంది. ఆ సమయంలో ముందు నుంచి గాలిని రేడియేటర్ గుండా లాగి ఇంజన్ మీదికి పంపేది ఈ ఫ్యానే.

మన ఊరికి ఇంకో సంగతి ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ మూత తీసిన గిన్నెలో నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే రేడియేటర్ మూతలోని స్ప్రింగు, రబ్బరు బాగుండి లోపల ఒత్తిడి నిలవాలి. మూత సరిగ్గా లేకపోతే, ఫ్యాను ఎంత బాగా తిరిగినా ఇక్కడ నీళ్ళు తొందరగా పొంగుతాయి.

1950ల చివర మొదలై 2014 మే నెల దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారులో, ముఖ్యంగా 1489 సీసీ పాత ఇంజన్ ఉన్న బళ్ళలో, ఈ ఫ్యాను వాటర్ పంపు కప్పీ ముందే బిగించి ఉంటుంది. ఒకే బెల్టు క్రాంకు కప్పీ నుంచి వచ్చి పంపునూ డైనమోనూ తిప్పుతుంది. ఇప్పటి కార్లలో ఉన్నట్టు కరెంటు మోటారు, వేడిని బట్టి ఆన్ అయ్యే స్విచ్చు ఇందులో ఉండవు. ఇంజన్ తిరిగినంతసేపూ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

మా వాళ్ళ అంబాసిడర్ సంగతి

మా లైన్ ఇళ్ళలో నాతో పాటు షిఫ్టులు చేసిన ఒక స్నేహితుడు, మిల్లు మూసినాక తెల్ల అంబాసిడర్ కొని చాలా ఏళ్ళు ట్యాక్సీ తోలాడు. ఇద్దరు పిల్లల చదువులూ, కూతురి పెళ్ళీ ఆ బండి మీదే జరిగాయి. పోయిన ఏడు ఆయన కాలం చేశాడు. సంవత్సరీకం అయ్యాక అదే బండిలో తల్లిని తిరుపతికి తీసుకుపోవాలని కొడుకు అనుకున్నాడు. కొండ కింద బండి పెట్టి, పైకి బస్సులో పోతారు. దారి మామూలుదే: కోలారు, ముళబాగిలు, పలమనేరు, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు.

ఆ అబ్బాయి నన్ను పిలిచి, "పెదనాయనా, ఇంజన్ అంతా కడిగించినాను. ఫ్యాను ఒక్కటే తుప్పు పట్టి అసింకంగా ఉండాది. దాన్ని కొంచెం రంగేసి ఇస్తారా?" అన్నాడు. అంతకుముందు ఏదో గ్యారేజీలో దాని మీద నల్ల పెయింటు దట్టంగా పూసి పంపారు. ఆ పెయింటు పొరలు పొరలుగా లేచి వస్తోంది.

నేను ఒప్పుకున్నాను. ఒక్క షరతు పెట్టాను: ముందు పాత రంగంతా తీసి రెక్కలు చూస్తాను, ఆ తర్వాతే రంగు.

విప్పే పద్ధతి

ఇంజన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ వైరు తీసి పని మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలుతుంది. డైనమో బోల్టులు వదులు చేసి బెల్టు తీసేశాం. నీళ్ళు దించి రేడియేటర్‌ను కూడా బయటికి తీశాం. చోటు ఉంది కదా అని దాన్ని అలాగే ఉంచి పనిచేస్తే, స్పానర్ జారి దాని సన్నటి రేకుల్లో గుచ్చుకుంటుంది.

ఫ్యానును పట్టుకుని ఉన్నవి నాలుగు బోల్టులు. విప్పే ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, ముందు వైపు ఏదో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఫ్యానును తిరగేసి బిగించినా అది తిరుగుతుంది, చూడ్డానికి తేడా తెలీదు, కానీ లాగే గాలి బాగా తగ్గిపోతుంది. రెండోది, రెక్క కొసలను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. ఆట ఉంటే వాటర్ పంపు బేరింగు అరిగిందన్నమాట. అది మార్చకుండా ఫ్యానుకు ఎంత మెరుగు పెట్టినా వ్యర్థమే. మా బండిలో బేరింగు గట్టిగానే ఉంది.

శుభ్రం చేయడం

ముందు జిడ్డు పోవాలి. జిడ్డు మీద ఎమరీ పేపరు రుద్దితే కాగితం మూసుకుపోతుంది తప్ప తుప్పు రాదు. కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో కడిగి, ఆపైన సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాను. పాత రంగును స్టవ్ మంట మీద కాల్చి తీసేవాళ్ళున్నారు. అది చేయొద్దు. రేకు వంకర పోతుంది, గట్టిదనం పోతుంది. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఆ పొగ పిల్లలున్న ఇంట్లో విషం. అందుకే నేను పెయింటు రిమూవర్ పూసి గీకాను. మిగిలినదాన్ని తడి చేసి నీళ్ళ కాగితంతో రుద్దాను, పొడి లేవకుండా. మూతికి గుడ్డ, కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాను.

తుప్పుకు యాసిడ్‌లో రాత్రంతా వేసి ఉంచడం ఇంకో అలవాటు. ఫ్యాను రెక్క పలచటి రేకు. యాసిడ్ తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తినేస్తుంది, రివెట్ల సందుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. వైరు బ్రష్షు, ఎమరీ, ఓపిక ఉంటే చాలు.

సుద్ద చెప్పిన నిజం

రంగు పోయాక రెక్కలు బాగానే కనిపించాయి. ఈ ఫ్యానులో రెండు పొడవాటి పట్టీలను అడ్డంగా ఒకదానిమీద ఒకటి పెట్టి రివెట్లు కొట్టారు. రెక్క వంపు తిరిగే చోట, రివెట్ల చుట్టూ ఎక్కువగా చీలిక వస్తుంది. ఆ చీలిక మొదట్లో వెంట్రుక కంటే సన్నగా ఉంటుంది, ఉత్త కంటికి ఆనదు.

మిల్లు వర్క్‌షాపులో మేం చేసిన పరీక్షే చేశాను. కిరోసిన్ బాగా రాసి అరగంట వదిలేశాను. తర్వాత పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి పలచగా రుద్దాను. మూడు రెక్కలు తెల్లగానే ఉన్నాయి. నాలుగో రెక్క మొదట్లో, రివెట్ పక్క నుంచి ఒక గోరంత పొడవున తడి గీత తేలింది. చీలికలోకి దిగిన కిరోసిన్ బయటికొచ్చి సుద్దను తడిపింది. ఆ దట్టమైన నల్ల పెయింటు ఇన్నాళ్ళూ దాన్ని కప్పిపెట్టింది.

అబ్బాయి మొహం చిన్నబోయింది. "వెల్డింగ్ పెట్టించేద్దాం పెదనాయనా. నాయన బిగించిన ఫ్యాను ఇది" అన్నాడు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "బావా, మీరేమంటే అది" అంది.

నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. 15 అంగుళాల ఫ్యాను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, రెక్క కొస గంటకు దాదాపు 215 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఒక రెక్క 100 గ్రాములు, దాని బరువు కేంద్రం నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆ రెక్క తన మొదలును దాదాపు 120 కిలోల బలంతో బయటికి లాగుతుంది. అంటే ఒక బస్తాకు పైగా బియ్యం ఆ రేకుకు వేలాడుతున్నట్టు. అది తెగితే ముందు రేడియేటర్‌ను చీలుస్తుంది. బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తున్న మనిషి ఎదురుగా ఉంటే ఇక చెప్పేదేముంది.

వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనున్న రేకు వేడికి మెత్తబడుతుంది, ఒక రెక్క బరువు పెరుగుతుంది, మళ్ళీ అక్కడే చీలుతుంది. చీలిన ఫ్యానును బాగుచేయకూడదు, మార్చాలి. మిల్లులో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు ఫ్యానుకైనా మా సూత్రం అదే.

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తల్లే అంది: "మీ నాయన ఉంటే బండికి ఏది మంచిదో అదే చేసేవాడు. మార్చు."

వేరే ఫ్యాను, అదే పరీక్ష

జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల అంగళ్ళు, శివాజీనగర్‌లో గుజరీ అంగళ్ళు పాత బళ్ళవాళ్ళకు తెలియనివి కావు. గుజరీలో అదే కొలత ఫ్యాను దొరికింది. పాతది తీసుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోవాలి: బోల్టు రంధ్రాల దూరం, మధ్య రంధ్రం, రెక్కల వంపు, అది తిరిగే దిక్కు. సెకండ్ హ్యాండ్ ఫ్యాను కాబట్టి దీనికీ కిరోసిన్, సుద్ద పరీక్ష తప్పలేదు. నాలుగు రెక్కలూ తెల్లగా నిలిచాయి.

తర్వాత బరువు సమతూకం. మధ్య రంధ్రంలో సరిపోయే నున్నటి కడ్డీ దూర్చి, సమానంగా అమర్చిన రెండు ఇనుప పట్టీల అంచుల మీద పెట్టాను. చేత్తో మెల్లగా తిప్పి వదిలితే ప్రతిసారీ వేరే రెక్క కిందికి వచ్చి ఆగాలి. ఒకే రెక్క మళ్ళీ మళ్ళీ కిందికి వస్తుంటే అది బరువున్న రెక్క. స్పిన్నింగ్ షెడ్డులో ఫ్యాన్ల మీద దూది పేరుకుంటే బేరింగులు ఎలా మొత్తుకునేవో గుర్తుందా? కారణం ఇదే. ఇక్కడ ఆ దెబ్బ తినేది వాటర్ పంపు బేరింగు.

రంగు

పెయింటు పలచగా, అన్ని రెక్కలకూ సమానంగా పడాలి. ఇనుము మెరిసిన రోజే థిన్నర్‌తో తుడిచి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పలచటి చేయి కొట్టాను. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలినా ఎర్రబడుతుంది. ప్రైమర్ ఆరాక నీళ్ళ కాగితంతో తేలిగ్గా రుద్ది, ఎనామిల్ రెండు చేతులు స్ప్రే చేశాను. ఫ్యానును పడుకోబెట్టి కొడితే రంగు ఒక పక్కకు జారి గట్టిపడుతుంది, తూకం చెడుతుంది. తీగకు వేలాడదీసి కొట్టాలి. బోల్టు కూర్చునే చోట్ల రంగు దట్టంగా ఉంటే, అది నలిగి బోల్టు వదులవుతుంది. అక్కడ టేపు అంటించాను.

పీణ్యాలో పౌడర్ కోటింగ్ చేసి ఇస్తారు. అది గట్టి రంగే. కానీ సుమారు 180, 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చిన ఆ మందపాటి పొర కింద, రేపు చీలిక వస్తే కనబడదు. ఫ్యాను మీద పలచటి రంగు మంచిది. లేత రంగైతే ఇంకా మంచిది, చీలిక నల్లగీతలా కనిపిస్తుంది. మేం బూడిద రంగు వేశాం.

బిగించేటప్పుడు కొత్త స్ప్రింగు వాషర్లు వేసి, నాలుగు బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాం. బెల్టును పొడవాటి వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఫ్యాను ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి విన్నాం. అదురు లేదు.

వాళ్ళు తిరుపతి పోయి వచ్చారు. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు కూడా వేడి ముల్లు దాని చోట అదే నిలబడిందట.

మీ ఇంట్లో పాత బండి ఉంటే

ఇంజన్‌ను తిప్పడానికి ఫ్యాను రెక్క పట్టుకుని లాగకండి. రెక్కల మొదట్లో చీలికలకు ఆ అలవాటూ ఒక కారణం. ఆర్నెల్లకోసారి, చల్లటి ఇంజన్ మీద, టార్చి వేసి ప్రతి రెక్క మొదలునూ రెండు వైపులా చూడండి. గ్యారేజీలో ఎవరైనా "రంగు కొట్టేస్తాం, కొత్తదైపోతుంది" అంటే, పాత రంగు తీసినాక ఒకసారి మీకు చూపించి ఆ తర్వాతే కొత్తది కొట్టమనండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్‌తోనూ సుద్ద పరీక్ష చేయొచ్చు. మన పేటల్లో మిల్లు వర్క్‌షాపు పని తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు, ఒకరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. కాఫీ ఇస్తే చాలు, సంతోషంగా వస్తారు.